సముద్రతీరమున అంగదుడు

కిష్కింధాకాండమును పారాయణము చేయువారు చివరి భాగమునకు వచ్చునప్పటికి హనుమంతుని సముద్రలంఘనమునకై ఆతురపడుచుందురు. నడుమనున్న అంగదుని దుఃఖము అంతగా ఎవరి దృష్టికిని రాదు. ఆ నాలుగైదు సర్గలు నేడు బిడ్డలున్న ప్రతి గృహమునను నిలిపి చదువుకొనదగినవి. జీవితముపై ఆశ విడిచి నేలపై పండుకొనిన ఒక యువకుని విషయమున చుట్టునున్నవారు ఏమి చెప్పిరో, అందులో ఏది నిష్ఫలమైనదో, ఏది అతనిని లేవనెత్తినదో వాల్మీకిమహర్షి అచ్చట విస్పష్టముగా చూపియున్నాడు.

దక్షిణదిక్కునకు పంపిన వానరులకు సుగ్రీవుడు ఒక మాసము గడువిడెను. వారు ఋక్షబిలమున చిక్కుకొని వెలికి వచ్చునప్పటికి ఆ గడువు దాటిపోయెను. సీతాదేవి జాడ దొరకలేదు. యువరాజైన అంగదుడు మిక్కిలి క్రుంగిపోయెను. తిరిగి పోయినచో సుగ్రీవుడు తీక్ష్ణముగా దండించునని, తనకు యౌవరాజ్యము నిచ్చినది శ్రీరామచంద్రుడే గాని పినతండ్రి కాడని, కావున ఆ తీరముననే ప్రాయోపవేశము చేయుట మేలని పలికెను. తండ్రి గతించి ఎంతో కాలము కాలేదు. అప్పగించిన పని నెరవేరలేదు. ఇంటికి పోవుటకు ముఖము చెల్లలేదు. పరీక్షాఫలితములు వెలువడిన నాడు ఇల్లు చేరక రైలుస్టేషను బల్లపై చీకటిపడువరకు కూర్చుండిపోయిన పదునేడేండ్ల బాలుని మనస్సు దీనికంటె వేరుగా నుండునా?

తారుడను వానరుడు బిలములోనికే తిరిగిపోయి దాగియుందమని సూచించెను. ఈడువారు ఇచ్చు సలహా తరచుగా ఇట్లే యుండును. హనుమంతుడు అది సరికాదని గ్రహించి, మొదట భేదోపాయమును, పిదప భయమును ప్రయోగించెను. తోడివానరులు ఆలుబిడ్డలను తలచుకొని అంగదుని విడిచిపోవుదురనెను. లక్ష్మణుని బాణములకు ఆ బిలము ఆకుదొప్పవలె చీలిపోవుననెను. సుగ్రీవునకు అంగదుడు తప్ప వేరు సంతానము లేదు గదా యని నచ్చజెప్పెను. మాటలన్నియు యుక్తియుక్తములే. వక్త హనుమంతుడు, వాక్పటిమలో అతనికి సాటి ఎవరు? అయినను ఆ మాటలవలన అంగదుని నిశ్చయము దృఢపడినదే గాని సడలలేదు. తల్లియైన తారను ఓదార్చుడని, తన మరణవార్త విన్నచో ఆమె ప్రాణములు నిలుపుకొనదని చెప్పి, ఏడ్చుచు దర్భలపై పండుకొనెను. అమ్మను తలచుకొనియు అతడు మనస్సు మార్చుకొనలేకపోయెను. తల్లిదండ్రుల ముఖము చూచియైనను ఆగలేకపోయెనా యని పోయిన బిడ్డను నిందించు లోకము ఈ ఘట్టమును ఒకమారు చదువవలెను. ఆ బిడ్డకు ప్రేమ లేక కాదు. దుఃఖము దానిని కప్పివేసినది.

తరువాత జరిగినది మరింత భయంకరము. అతనిని చూచి తక్కిన వానరులందరును అట్లే పండుకొనిరి. నిరాశ ఒకనినుండి మరియొకనికి ప్రాకును. 2019 ఏప్రిల్‌లో తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములు వచ్చిన పిమ్మట కొలది దినములలోనే పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలో 2022లో దేశమున ఇట్లు పోయిన విద్యార్థులు 13,044 మంది. ఇది లెక్కకెక్కిన సంఖ్య మాత్రమే.

అంగదుని లేవనెత్తినదెవరు? బుద్ధిమంతులైన మంత్రులు కారు. రెక్కలు కాలి కదలలేని ఒక ముసలి గ్రద్ద. వానరులు తమలో తాము జటాయువు మరణమును చెప్పుకొనుచుండగా తమ్ముని పేరు చెవినిబడి సంపాతి విలపించెను. తనను కొండపైనుండి దింపుడని వేడెను. చావగోరి పండుకొనిన అంగదుడే లేచి అతనిని దింపెను. సంపాతి అడుగగా జరిగినదంతయు మొదటినుండి చెప్పెను. సంపాతి నడుమ అడ్డుపడలేదు, తప్పెన్నలేదు, వినెను. సంపాతికిని ఆ బాధ క్రొత్త కాదు. రెక్కలు కాలి వింధ్యపర్వతముపై పడిన నాడు తానును కొండకొమ్మునుండి పడి మరణింపదలచినవాడే. నిశాకరమహర్షి అతని మాట విని, ముందు ఒక గొప్ప కార్యము అతనికై వేచియున్నదని చెప్పి నిలిపెను. ఆ రహస్యమును సంపాతి వానరులకు దాచక చెప్పెను. తాను ఒకప్పుడు అట్టి చీకటిలో నుంటినని ఒక పెద్దవాడు దాపరికము లేక చెప్పిన మాట, వేయి హితవాక్యములు చొరలేని చోట చొచ్చును.

మన ఇండ్లలో జరుగునది దీనికి విరుద్ధము. బిడ్డ నోరు తెరచి బ్రదుకుట ఇష్టము లేదనగానే, అది మహాపాతకమని ధర్మశాస్త్రమును వినిపింతురు. లేదా అట్టి అశుభము పలుకరాదని నోరు మూయింతురు. పాపభయము ఆ క్షణమున మరియొక బరువగునే గాని ఊతకఱ్ఱ కాదు. చావవలెనని తోచుచున్నదా యని సూటిగా అడిగినచో లేని ఆలోచన పుట్టునని కొందరు జంకుదురు. మనోవైద్యులు అట్లు కాదనుచున్నారు. అడుగుటవలన ఆ తలపు పుట్టదు, బిగబట్టిన శ్వాస విడిచినట్లు బిడ్డకు కొంత ఊరట కలుగును. నిద్రాహారములు తప్పుట, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టుట, తాను ఇంటికి బరువైతిననుట, చాలకాలము క్రుంగియుండి హఠాత్తుగా నెమ్మదించి అందరివద్ద సెలవు తీసికొనినట్లు మాటలాడుట: ఇవి కనిపించినప్పుడు శుభఘడియకై వేచియుండరాదు. బిడ్డను ఒంటరిగా విడువక, పొలమునకు తెచ్చిన పురుగుమందును, ఇంటిలోని మాత్రలను తాళము వేసి దూరముగా నుంచవలెను. ఆపద ముంచుకొచ్చునది కొలదిసేపే. ఆ కొలదిసేపు సాధనము చేతికి అందనిచో బ్రదుకువారు అనేకులు.

ఎవరిని పిలువవలెను? సుందరకాండమున ఇందుకు ఒక వెలుగు గలదు. అశోకవనమున సీతాదేవి ప్రాణత్యాగమునకు సిద్ధపడిన వేళ, హనుమంతుడు చెట్టుపైనుండి చాలసేపు ఒకే విషయమును విచారించెను: ఏ భాషలో పలుకవలెను? ద్విజునివలె సంస్కృతము పలికినచో ఆమె తనను రావణుడని తలచి బెదరును. కావున సామాన్యమానవుల మాటలో, మెల్లగా, ఆమెకు ప్రియమైన రామకథతో ఆరంభించెను. సంస్కృతమునకు దీనివలన గౌరవలోపమేమియు లేదు. సమయోచితము కాలేదు, అంతే. అంగదునివద్ద బెదరింపు ప్రయోగించిన హనుమంతుడే ఇచ్చట ఇంత మెత్తబడెను. నడుమ లంకలో జానకి కనబడక, తానును మరణింపదలచి, బ్రదికియున్నవాడే శుభము చూచునని తన్ను తాను నిలుపుకొనిన ఘట్టమొకటి గలదు. ఆ వెంటనే అతనికి ఇంకను వెదకని అశోకవనము కంటబడెను.

దుఃఖితుని భాషలో పలుకువారు నేడును ఉన్నారు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను సహాయవాణిని ప్రారంభించినది. 14416 అను నంబరునకు పగలైనను రాత్రియైనను రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. తెలుగుతోపాటు 20 భాషలలో శిక్షణ పొందినవారు మాటలాడుదురు. అవసరమైనచో మనోవైద్యునితో కలుపుదురు. పేరు చెప్పుటకు సిగ్గుపడు బిడ్డకును, ఏమి చేయవలెనో తోచని తల్లికిని అది ఉపయోగించును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు 1098 అను నంబరు వేరుగా గలదు. ప్రాణాపాయము ఎదుటనే యున్నచో 112కు గాని 108కి గాని ఫోను చేయవలెను. వినికిడి లేని బిడ్డకు ఫోను ఉపకరింపదు; అట్టివారిని సంజ్ఞాభాష తెలిసినవారి తోడుతో వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

అందరి దుఃఖమును ఒకే మూసలోనిది కాదు. గిరిజనగూడెమునుండి పట్టణపు వసతిగృహమునకు వచ్చిన బాలికకు తన మాట యాసను చూచి నవ్వుదురను బాధ. కులము పేర అవమానము పొందినవానికి మరియొక బాధ. స్త్రీపురుషభేదము విషయమున లోకరీతికి భిన్నమైన మనస్సు గల బిడ్డలకు ఇంటిలోనే చోటు కరవగును. వీరి కథ మనకు తెలియనిది కాదు. మహాభారతము ఉద్యోగపర్వమున శిఖండిని వృత్తాంతము చూడుడు. కూతురుగా పుట్టి కొడుకుగా పెరిగి, రహస్యము బయటపడి, తన మూలమున తల్లిదండ్రులకు యుద్ధభయము వచ్చినదని కుమిలి, దేహము విడువదలచి అడవికి పోయెను. ఆ అడవిని కాచు స్థూణాకర్ణుడను యక్షుడు ఆమెను తరిమివేయలేదు. ఎవరి బిడ్డవని గద్దింపలేదు. నీ ప్రయత్నమెందులకు, చెప్పుము, నేను నెరవేర్తునని అడిగెను. అది అసాధ్యమని ఆమె పలుమార్లు చెప్పినను విడువక వినెను. ద్రుపదుని అంతఃపురమున ఆ మాట అడిగినవారు లేకపోయిరి. అడవిలో ఒక యక్షుడు అడుగవలసివచ్చెను.

నేటి శాసనమును ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము 2018 మేలో అమలులోనికి వచ్చినది. కులము, మతము, లింగము, లైంగిక ప్రవృత్తి, వైకల్యము వీనిలో దేనిని చూచియు చికిత్సలో భేదము పాటింపరాదని, రోగి విషయమును గుప్తముగా ఉంచవలెనని అది విధించుచున్నది. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవాడని భావింపవలెనే గాని నేరస్థునిగా చూడరాదనియు అది చెప్పుచున్నది. ఆ యత్నమును నేరముగా నెంచిన పాత శిక్షాస్మృతి సెక్షను 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన న్యాయసంహితలో కొనసాగలేదు. పోలీసుల భయముతో ఆసుపత్రికి పోక బిడ్డను ఇంటనే ఉంచుకొనవలసిన పని లేదు. విశాఖపట్నమున వైద్యవిద్యాప్రవేశపరీక్షకు చదువుచున్న ఒక విద్యార్థిని మరణము విషయమున సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పులో, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హత గల సలహాదారు నొకరినైనను నియమింపవలెనని ఆదేశించినది. బిడ్డను కళాశాలలో చేర్చుటకు పోయినప్పుడు తల్లిదండ్రులు ర్యాంకుల పట్టికతోపాటు ఆ సలహాదారు ఎవరని కూడ అడుగవచ్చును.

దైవభక్తి యుండగా వైద్యుడేల యని కొందరు ఆస్తికులు ప్రశ్నింతురు. చరకసంహిత చికిత్సను మూడు విధములుగా చెప్పినది: దైవమును ఆశ్రయించునది, ఆహారౌషధములతో కూడిన యుక్తిచికిత్స, మనస్సును అహితవిషయములనుండి మరలించు సత్త్వావజయము. మొదటిది యున్నచో తక్కినవి వలదని ఆ మహర్షి చెప్పలేదు. పొర్లుదండములు పెట్టవచ్చును, సుందరకాండ పారాయణమును చేయవచ్చును. ఆ దినముననే వైద్యునివద్దకును పోవచ్చును. ఎర్రగడ్డ అను ఊరిపేరును తిట్టుగా వాడుట మనవారికి అలవాటైనది. అచ్చటి మానసిక వైద్యశాలయు, విశాఖపట్నములోనిదియు బాధపడువారికై ప్రభుత్వము నిలిపిన శరణాలయములే. ప్రభుత్వ బోధనాసుపత్రులలోను ఈ చికిత్స గలదు. క్రుంగుబాటునకు ఇచ్చు మందులు తమ గుణమును చూపుటకు కొన్ని వారములు పట్టును. పది దినములు వాడి ఫలము లేదని మానివేయుట, లేదా కొంచెము నెమ్మదించినదని వైద్యుని అడుగకయే ఆపుట ప్రమాదకరము.

ఏకాదశీవ్రతము పాటించు ఇండ్లలో ఒక సందేహము తరచుగా కలుగుచుండును: మాత్ర మ్రింగినచో ఉపవాసము భంగమగునా? వ్రతమునకు భంగము కలిగింపని ఎనిమిదింటిలో నీరు, కందమూలములు, ఫలములు, పాలతోపాటు ఔషధమును ధర్మశాస్త్రము స్పష్టముగా చేర్చినది. బాలురకును రోగులకును ఉపవాసమున సడలింపు ఉండనే యున్నది. కొన్ని మందులు అన్నోదకములు తగ్గినప్పుడు దేహమునకు కీడు చేయును గనుక, మనోవ్యాధికి మందు వాడుచున్న బిడ్డ ఉపవాసముండు విషయము ముందుగా వైద్యుని అడుగవలెను. అలిపిరి మెట్లు ఎక్కుటకు బయలుదేరు కుటుంబము తులసిమాలతోపాటు ఆ మాత్రలను కూడ చేతిసంచిలోనే ఉంచుకొనవలెను, వేరుగా పంపు సామానులో కాదు. కొండపై ఎన్ని దినములుండవలసివచ్చునో వారికి మాత్రమేమి తెలియును!