ఫలితానికి ముందు దినాలు

ముట్లుడిగి ఏడాది గడచిన స్త్రీకి మళ్ళీ రక్తం కనబడితే, అది చిన్న మరకయైనా సరే, వైద్యులకు చూపవలసిన లక్షణమని వైద్యశాస్త్రం చెబుతున్నది. ఆళ్లగడ్డ ప్రాంతపు తల్లులు ఇందుకై సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించి నంద్యాలకు వస్తుంటారు. స్కానింగులో గర్భసంచి లోపొర మందం చూచి, అవసరమైతే ఆ పొరనుండి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ముక్క తీయడం కొద్ది నిమిషాల పని. ఫలితం వచ్చేవరకు గడపవలసిన దినాలే కష్టమైనవి. ఆ దినాలలో కలిగే భయం భక్తిలోపమా? శరణధర్మం దీనికేమి చెబుతుంది?

ముందుగా సంకోచాన్ని గూర్చి ఒక మాట. వయసు మళ్ళిన తరువాత ఇదేమి సిగ్గుచేటని నెలల తరబడి దాచుకొనే తల్లులున్నారు. వీరశైవ గృహాలలో ఈ సిగ్గుకు తావుండరాదు. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి అనే పంచసూతకాలు లింగధారులకు లేవని శరణుల సిద్ధాంతం. రజస్సూతకాన్నే నిరాకరించిన సంప్రదాయంలో పుట్టి, రక్తపు మరకను మైలగా తలచి దాచుకొనడం మన ఆచారం కాదు; ఇరుగుపొరుగు నుండి మన ఇండ్లలోకి వచ్చి చేరిన అలవాటు.

ఇక నిరీక్షణ. తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, మిల్లీమీటరులో నూరవ వంతుకంటె పలుచగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి. రాతిలో నంది రూపు తీసే ఆళ్లగడ్డ శిల్పికి తొందర పనికిరాదని మనకు తెలుసు. ఈ పరీక్ష చేసేవారిదీ అట్టి కాయకమే. ఎన్నో దేశాల పరిశోధనలను క్రోడీకరించి 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఈ లక్షణం గల 100 మందిలో సుమారు 9 మందికే గర్భసంచి పొర క్యాన్సరు ఉంటుంది. తక్కినవారిలో పొర పలుచబడడం, దళసరెక్కడం, పిలకలవంటి కండ పెరగడం మొదలైనవి కారణాలు. క్యాన్సరే అయినా, రక్తస్రావం తొలిదశలోనే హెచ్చరిస్తుంది గనుక, శస్త్రచికిత్సతో నయమయ్యేవారే ఎక్కువ.

అయినా ఈ లెక్క రాత్రివేళ నిద్ర పట్టించదు. తాను ఆ తొమ్మండుగురిలో ఉన్నానా అన్నదే ఆ తల్లి ప్రశ్న. ఫలితం మంచిదై రావాలని మ్రొక్కుకొనడం సహజం. కాని ముక్క తీసిన క్షణానికే ఫలితం అందులో ఉన్నది. మనకు తెలియడమే మిగిలింది. ఉన్నదానిని మార్చమని అడగడం లింగయ్యతో బేరమాడడమే అవుతుంది. అట్లైతే ప్రార్థన వ్యర్థమా? కాదు. రాబోయేదానిని అందుకొనే బలాన్ని కోరవచ్చును.

లింగానికి అర్పించి స్వీకరించినదే ప్రసాదం. అన్నానికి వర్తించే ఈ నియమం సుఖదుఃఖాలకూ వర్తిస్తుంది. భయాన్నీ అర్పించవచ్చును. అయితే తనవద్ద భయమే లేదని నటించేవారు దానిని అర్పించలేరు. కనుక భయపడడం భక్తిలోపం కాదు. ఉన్న భయాన్ని ఒప్పుకొనడం అర్పణకు మొదటి మెట్టు. ప్రసాదబుద్ధి పేరిట చికిత్సను మానుకొనడం మాత్రం తగదు. శరీరాన్నే ఆలయంగా భావించమన్న బసవేశ్వరుని బోధను నమ్మినవారికి, ఆలయపు కప్పు కారుతున్నప్పుడు బాగుచేయించడం పూజలో భాగమే.

చివరగా కుటుంబ ధర్మం. ఫలితపు కాగితం మొదట ఎవరికి చెందాలి? చాలా ఇండ్లలో భర్తయో, కుమారులో విని, ఆమెకు తెలియనీయరు. అది ప్రేమతోనే చేస్తారు. కాని వీరశైవంలో స్త్రీ తన ఇష్టలింగాన్ని తన కరతలంలోనే ఉంచి పూజిస్తుంది. ఆమె తరఫున మరొకరు పూజ చేయరు. అక్కమహాదేవి ఎవరి అండా లేకుండ శ్రీశైలానికి నడచి వచ్చింది. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఆ క్షేత్రమున్నది. ఆయ్దక్కి మారయ్య అవసరానికి మించి బియ్యం తెచ్చినప్పుడు తప్పు దిద్దినది ఆయన భార్య లక్కమ్మ. ఇట్టి తల్లుల వారసులకు తమ దేహాన్ని గూర్చిన సత్యం మొదట తామే వినే అధికారమున్నది. ఇతరులకు చెప్పాలో లేదో నిర్ణయించవలసినది వారే.

ఇంటివారు చేయవలసినవి వేరే ఉన్నవి. నంద్యాలకు తోడు వెళ్ళాలి. ఏమీ కాదులే అని నోరు మూయించక, ఆమె చెప్పేది వినాలి. ఆమె చేయగలిగిన కాయకాన్ని చేయనివ్వాలి. మఠాలలో స్వాములవారు ప్రవచనాల మధ్య ఈ లక్షణాన్ని గూర్చి ఒక్క మాట చెప్పినా, దాచుకొన్న తల్లి ఒకరు వైద్యుని వద్దకు వెళ్ళవచ్చును. అది గొప్ప దాసోహం.

శరణు శరణార్థి.