కొత్త కావలివాడు



మేలు కోరి యిచ్చిన దానము కీడు చేసినయెడల, ఆ దోషము ఇచ్చినవానిదా? ఇది వట్టి తర్కము కాదు. రక్తపు క్యాన్సరుతోనున్న తోబుట్టువునకు తన మూలకణములిచ్చిన అన్నను, చెల్లెలిని ఈ ప్రశ్న రాత్రులు నిద్రపోనియ్యదు.

మన యెముకలలోని మూలుగ రక్తమును పుట్టించును. అది చెడినప్పుడు వైద్యులు తీవ్రమైన మందులతో దానిని నశింపజేసి, దాత మూలకణములను రక్తమెక్కించినట్లే నరముద్వారా ఎక్కింతురు. అవి యెముకలలో చేరి, రెండు మూడు వారములలో కొత్త రక్తమును పుట్టింప నారంభించును. అందలి తెల్లకణములు శరీరమునకు కావలివారు. అయితే ఈ కావలివాడు వేరొక యింట పెరిగినవాడు. కొత్త యింటివారి ముఖము లెరుగడు. వారినే దొంగలనుకొని కొట్టవచ్చును. అప్పుడు ఒంటిమీద దద్దురులు, కామెర్లు, విరేచనములు కలుగును. కొందరికి ఆలస్యముగా కండ్లు, నోరు ఎండిపోయి చర్మము బిగిసికొనును. తోబుట్టువు కణములు పూర్తిగా సరిపడుట నలుగురిలో ఒకరికే. సరిపడినను ఈ బాధ రావచ్చును.

అట్లయిన ఆ కావలివాడు పగవాడా? కాడు. మందులకు చావక దాగియున్న క్యాన్సరు కణములను వెదకి చంపువాడును అతడే. అచ్చముగా ఒకే పోలికగల కవలలు ఒకరికొకరు ఇచ్చుకొనినప్పుడు ఈ బాధ అరుదు. కాని క్యాన్సరు తిరిగి వచ్చుట ఎక్కువ. కనుక వైద్యులు అతనిని వెళ్లగొట్టరు. సైక్లోస్పోరిన్ వంటి మందులతో అతని చెయ్యి పట్టి ఆపుదురు. మరీ గట్టిగా పట్టినచో బయటి అంటురోగములు చొరబడును. వదలినచో ఇల్లే పాడగును. నెలల తరబడి సాగు ఓర్పుగల పని యిది.

ఈ ఓర్పు వైద్యులకును సుళువుగా రాలేదు. 1957లో అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ ఆరుగురికి మూలుగ నెక్కించిన సంగతి ప్రకటించెను. వారిలో ఒక్కరును నూరు దినములు దాటి బ్రదుకలేదు. ఆయన పని విడువలేదు. 1990లో నోబెల్ బహుమానము పొందెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లో ఈ చికిత్స మొదలయ్యెను.

కాబట్టి మన ప్రశ్నకు ఉత్తరమేమి? తన వశములో లేనిదానికి దాత దోషి కాడు. “నీ రక్తమే నన్ను కాల్చుచున్నది” అని రోగి నిష్ఠూరమాడకుండును గాక. “నేనే చంపుకొంటిని” అని దాత కుములకుండును గాక. అయినను ఇచ్చి చేతులు దులుపుకొని వెళ్లుటకు వీలులేదు. దద్దురు కనబడిననాడే ఆసుపత్రికి తీసికొని పోవలెను, మందు వేళ తప్పకుండ చూడవలెను, మంచము ప్రక్కన కూర్చుండవలెను. సహోదరులారా, మీ యింట, మీ ఊర ఇట్టివారున్నచో, ఆ కూర్చుండుటలో మీరును వంతు తీసికొనుడి.