ఎఱ్ఱని సాయంకాలము

కొన్ని యేండ్ల క్రిందట ఒక పట్టణములో బంధువుల యింట దిగి, సాయంకాలము మేడమీదికి ఎక్కితిని. పడమటి ఆకాశమంతయు ఎఱ్ఱబడి యుండెను. మేడలు, నీళ్ల ట్యాంకులు, కరెంటు తీగెలు ఆ వెలుగునకు అడ్డముగా నల్లగా కనబడుచుండగా, సూర్యుడు కాగిన రాగి పళ్లెమువలె దిగుచుండెను. పిల్లలను కేకవేసి పిలిచి చూపించితిని. ఆ వైపున కాలువగట్టు మీది పూరిళ్లు తగులబడినవని మరునాటి ఉదయమున తెలిసినది. సూర్యుని అంత ఎఱ్ఱగా చేసినది ఆ పొగయే.

ఇతరుల నష్టమునుండి పుట్టిన అందమును చూచి సంతోషించుట తప్పగునా? ఆనాటినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు.

ఇట్టిదే ఒకప్పుడు లోకమంతటికిని జరిగినది. 1883 ఆగస్టు 27న జావా సుమత్రా దీవుల నడుమనున్న క్రాకటోవా అను అగ్నిపర్వతము బ్రద్దలాయెను. సముద్రము పొంగి తీరపు ఊళ్లను తుడిచివేసెను. 36,000కు పైగా జనులు చనిపోయిరి. సన్నని బూడిదయు గంధకపు ఆవిరియు మేఘములకంటె ఎంతో ఎత్తునకు లేచి భూమి చుట్టును వ్యాపించెను. సెప్టెంబరులో మద్రాసువారు సూర్యుడు ఆకుపచ్చగా నుండుట చూచి విస్తుపోయిరి. నవంబరులో అమెరికాలోని పొకీప్సీ పట్టణమువారు అస్తమయపు ఎఱుపును చూచి, ఎక్కడనో ఇండ్లు అంటుకొన్నవని మంటలార్పు బండ్లు తీసికొని పరుగెత్తిరి. లండను నగరములో థేమ్సు నది యొడ్డున విలియం ఆస్‌క్రాఫ్టు అను చిత్రకారుడు సాయంకాలములయందు రంగుసుద్దలతో ఆ ఆకాశమును చిత్రించెను. నిమిషమునకొక రంగు మారుచుండగా ఆయన చేయి ఎంత చురుకుగా ఆడవలసి యుండెనో! అట్టి పటములు ఐదువందలకు పైగా చేసెను. 1888లో రాయల్ సొసైటీవారు ప్రకటించిన క్రాకటోవా నివేదికలో కొన్ని చేరినవి.

ఆయనను నేను తప్పుపట్టజాలను. ఆయన కన్నులు మూసికొని యింట కూర్చుండినంత మాత్రమున జావా తీరమున ఒక్క ప్రాణమైనను తిరిగి వచ్చియుండునా? ఆకాశపు ఎఱుపునకు ఎవరి కీడును అక్కరలేదు గదా. సాయంకాలపు కిరణము ఏటవాలుగా గాలిలో చాల దూరము వచ్చును. దారిలో నీలిరంగు చెదరిపోగా ఎఱుపు మిగులును. బూడిద దానిని హెచ్చుచేసినది, అంతే.

అయితే పట్టణపు పొగ సంగతి వేరు. అది మనుష్యులు చేసినది. పొగ యున్నందుననే పట్టణములలో సాయంకాలములు అంత అందముగా నుండునని చెప్పువారు కలరు. అది పొరపాటు. నేలకు దగ్గరగా క్రమ్ముకొను పొగ సూర్యబింబమును ఎఱ్ఱగా చూపినను, ఆకాశపు రంగులను మాసిపోజేయును. 1952 డిసెంబరులో అదే లండనులో బొగ్గుపొగ మంచుతో కలిసి ఐదు దినములు కదలక నిలిచి వేలమంది ప్రాణములను తీసెను. పట్టపగలే దారి కనబడలేదు. దానిలో చూచి మెచ్చుకొనుటకు ఏమున్నది?

ఇక నా సంగతి. ఆకాశమును చూచినందుకు నేను సిగ్గుపడను. ఆ పొగ సుడులు తిరుగుట నా కంటపడినది. మేఘమనుకొంటిని. ఏమిటని క్రిందనున్న వారిని ఒక్క మాటయైనను అడుగలేదు. అడిగియున్నయెడల రెండు బిందెల నీళ్లైనను మోసియుందును.

మరునాడు కొంత బియ్యమును పాత బట్టలును తీసికొని కాలువగట్టుకు పోతిని. మసిబారిన కుండలు ఏరుచున్న ఒక ముసలమ్మ నా చేతి మూటను అందుకొని ప్రక్కన పెట్టి, "నిన్న పొద్దుగూకే యేళ ఆకాశం చూశారా బాబుగారూ? మా మనవరాలు ఏడుపు మాని దాన్నే చూస్తా కూచుంది" అనెను.

చూచితినని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆమె మాత్రము మసి చేయి చాచి, ఏ తాటిచెట్టు వెనుక సూర్యుడు దిగెనో నాకు చూపుచుండెను.