డొల్ల సప్పుడు



"మీరు కండ్లు మూసుకొని కూచుంటే కార్మికుని కష్టం తీరుతదా?" పోయిన నెల గోదావరిఖనిలో ధ్యానం గురించి మాట్లాడుతుంటే రిటైరైన ఒక కార్మికుడు లేచి అడిగిండు. ఇరవై ఏండ్ల కింద నేనూ ఇదే మాట అందరినీ అడిగినోణ్ణే. వెంటనే జవాబు చెప్పలేకపోయిన.

ఈ ప్రశ్న బౌద్ధులకే కాదు, క్రైస్తవంలో మౌనాన్ని దారిగా ఎంచుకున్నవాళ్లకూ ఎదురవుతుంది. క్రైస్తవమంటే మనకు పాటలు, మైకులే గుర్తొస్తాయి. కానీ 1938లో ముంగమూరి దేవదాసు గారు ప్రారంభించిన బైబిలు మిషనులో 'సన్నిధి' అనే అభ్యాసం ఉంది. కోరికల చిట్టా చదవడం కాదు, దేవుని ఎదుట మౌనంగా కనిపెట్టుకొని ఉండడం. ఆ మాట చూడండి. వాళ్లకు కనిపెట్టడమంటే ఎదురుచూడడం. మన వాడుకలో దాగి ఉన్నదాన్ని పట్టుకోవడం.

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. సైన్యంలో గాయపడి, కుంటుతూ మఠంలో చేరి, ఏండ్ల తరబడి వంటింట్లో పనిచేశాడు. ఆ పని ఆయనకు ఇష్టం లేదు. అయినా గిన్నెల చప్పుడులోనూ, ప్రార్థనలోనూ మనసు ఒక్కతీరుగా ఉండేటట్టు సాధన చేశాడు. సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు కూడా నడిచేటప్పుడు, తినేటప్పుడు, చివరికి మలమూత్ర విసర్జనప్పుడు సైతం ఎరుకతో ఉండమన్నాడు. రెండూ ఒకటేనని మాత్రం అనను. లారెన్స్ ప్రతి పనిలో దేవుణ్ణి తలచుకున్నాడు. ధమ్మంలో ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడమే. నాకు ఇది చిన్న తేడా కాదు. కానీ అది చూపించి వాళ్ల మౌనాన్ని తక్కువ చేయలేను.

మా నాయిన బాయిల పనిచేసిండు. పని మొదలుపెట్టేముందు కడ్డీతో పైకప్పు తట్టి సప్పుడు వినేవాడట. గట్టిగా మోగితే సరే. డొల్ల సప్పుడొస్తే పైన బండ విడిచిందని అర్థం. ఆ క్షణంలో ఇంటి అప్పు గుర్తుండదు, పక్కోని మాట వినపడదు. విన్నంక ఊకె నిలబడేది కూడా లేదు. కింద ఉన్నోళ్లను జరపాలె, కప్పుకు ఊతం పెట్టాలె.

అమెరికాలో కెంటకీ మఠంలో మౌనంగా బతికిన థామస్ మెర్టన్ కూడా అక్కడినుంచే అణుయుద్ధానికి వ్యతిరేకంగా రాశాడు. 1962లో యుద్ధం మీద అచ్చువేయొద్దని మఠం పెద్దలు ఆజ్ఞాపిస్తే, నకళ్లు తీయించి మిత్రులకు పంపాడు. 1968లో ధర్మశాలకు వచ్చి దలైలామాతో ధ్యానం గురించి మాట్లాడాడు. ఆ డిసెంబరులోనే బ్యాంకాక్‌లో చనిపోయాడు.

మరి నేను? ఇన్నేండ్లు సభల్లో గొంతు చించుకున్న నేను, నా కోపం ఎక్కడ మొదలైతదో ఒక్కసారన్నా వినలేదు. అది ఇంటికొచ్చి నా బిడ్డ మీద పడేది. న్యాయం కోసం అరుస్తున్న గదా అని నాకు నేనే మాఫీ చేసుకున్న.

పోయిన ఆదివారం ఆ పెద్దమనిషి ఇంటికి పోయి, మా నాయిన సంగతి చెప్పిన.

"నేను గూడ కప్పు తట్టినోణ్ణే బిడ్డా" అన్నడు.

ఆయన ఫోను మోగింది. తీయకుండ మంచం మీద బోర్లా పెట్టిండు. ఇద్దరం కొద్దిసేపు మాట్లాడకుండ కూచున్నం.