తల్లిని ముందుంచుకొని

జగ్గయ్యపేట చెంత ధనంబోడు అని వ్యవహరింపబడు గుట్టపై శిథిలమైన బౌద్ధ మహాచైత్యమొకటి కలదు. 1882లో పురాతత్త్వజ్ఞుడగు బర్జెస్ దొర పరిశీలించిన ఆ చైత్యపు ద్వారముచెంతి ఆయకస్తంభములపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో చెక్కబడియున్న శాసనమును తలచినప్పుడెల్ల నాకు రాజులు గాని రాజ్యములు గాని జ్ఞప్తికి రావు. సంక్రాంతికి ముందు మా యింట వెల్ల వేయు దినము జ్ఞప్తికి వచ్చును.

క్రీస్తుశకము 3వ శతాబ్దిలో, ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున, వర్షర్తువునందలి 8వ పక్షమున, 10వ దినమున, అనగా వానలు వెనుకబట్టిన వేళ, కమ్మకరాష్ట్రములోని నడతూరు నివాసియైన నాగచంద్రుని కుమారుడును, తాను వేరొక గ్రామమున స్థిరపడినవాడును అగు సిద్ధార్థుడు, వెలగిరి గ్రామమునందలి ఈ చైత్యమునకు తూర్పుద్వారమున ఐదు ఆయకస్తంభములను నిలిపెను. తండ్రీకొడుకులిరువురును ఆవేశనులు, అనగా పనివారల పెద్దలు. అదే ప్రభువు కాలమున రాజధానియగు విజయపురిలో ఆయన మేనత్త శాంతిశ్రీ రాచకలిమితో ధర్మకార్యములు చేయించినది. ఇచ్చట చేయించినవాడు చేతిపనివాడు.

ఆతడు తన పేరుతో తృప్తిపడలేదు. తల్లి నాగిలనిని ముందుంచుకొని, భార్యను, కొడుకు మూలశ్రీని, కూతురిని, సోదరుని, సోదరుని ఇల్లాలు కనికను, వారి ఇరువురు కొడుకులను, కూతురిని పేరుపేరున చెక్కించి, పిమ్మట జ్ఞాతులను, మిత్రులను చేర్చి, సర్వసత్త్వముల హితసుఖములకై ఈ దానమనినాడు. సోదరుని కూతురి పేరు సిద్ధార్థనిక. పెదనాన్నయో పినతండ్రియో గాని, ఆతని పేరే ఆ పిల్లకు పెట్టుకొన్న ఇల్లది. అన్నదమ్ముల పొత్తునకు వేరు సాక్ష్యమేల?

మన పురోహితులును సంకల్పమున ‘సహకుటుంబానాం’ అని పలుకుదురు. ఆ మాట పలుకునప్పటికి అక్షతలు యజమాని చేతిలో నుండును, కుటుంబము నాలుగు గదులలో నుండును. ధర్మకార్యమునకు డబ్బు దూరమునుండియు పంపవచ్చును, రసీదుపై పేరు పడును; కాని చేతులు కలియవలెనన్న ఒక చూరు క్రిందికి రావలసినదే. కూడి భుజింపుడని పెద్దలు చెప్పుట మంచిదే గాని, మనసు విరిగినవారు ఎదురెదురుగా కూర్చున్న యెడల చూపు ఎచ్చట నిలుపవలెనో తెలియక కంచమువంక చూచుచుందురు. పక్కపక్కన పనిచేయువారికి ఆ చిక్కు లేదు. చూపు పనిమీద నుండును, మాట తనంతట వచ్చును.

నా చిన్ననాట మా నాయనకును బాబాయికిని బావినీటి వంతువలన మాటలు లేని సంవత్సరమొకటి గడచినది. నానమ్మ ఎవరినీ బుజ్జగింపలేదు. ముందటి సాయంకాలమే కుండలో సున్నపురాళ్ళు వేసి నీరు పోయించినది. కుతకుత ఉడికి, తెల్లవారుసరికి వెన్నవలె అణగిన సున్నమును వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి, ఈతమట్ట నలుగగొట్టిన కుంచెలు రెండు ఇద్దరి ముందును పెట్టినది. మిద్దెగోడ పై అంచునకు నిచ్చెన కావలెను, నిచ్చెనకు క్రింద పట్టు కావలెను. నాయన నాలుగు మెట్లెక్కి, వెనుదిరుగకయే, ‘కాస్త పట్టుకోరా, జారుతోంది’ అన్నాడు. బాబాయి పట్టుకొన్నాడు. ఆ మధ్యాహ్నము వారి తలలు, కనుబొమలు ఏకరీతిగా తెల్లబడి, ఎవరు పెద్దో ఎవరు చిన్నో పోల్చరాక మేము నవ్వితిమి. బావి తగవు తీరుటకు మరి రెండేండ్లు పట్టినదన్నది వేరు మాట. నిచ్చెన మాత్రము మరల జారలేదు.

మొన్న పండుగకు హైదరాబాదునుండి వచ్చిన మా అబ్బాయి, ‘మనిషిని పిలిస్తే ఒక పూటలో అయిపోతుంది కదా నాన్నా’ అనినాడు. అవును, అగును. అయినను వాని పిల్లలిద్దరును అప్పటికే కుంచెలు పుచ్చుకొని అరుగుప్రక్క గోడపై పడియుండిరి. గోడ క్రిందిభాగమున, మూడడుగుల ఎత్తున, వారి చేయి అందినంతమేర వెల్ల ముద్దలుగా పేరుకొన్నది. చూడవచ్చిన బంధువొకరు దానిని గీకించి సరిచేయించుమనగా, మా అమ్మ, ‘ఉండనీయండి, అదెవరు వేశారో నాకు తెలుసు’ అని, జాజుగిన్నె అందుకొని గడపవైపు జరిగినది.