బంతిమొక్కలు పీకిన పిల్ల

పిల్లలు పెద్దవాళ్లవడం గురించి కథ రాయాలంటే చప్పున తోచేది మొగ్గ విచ్చుకోవడం. ఆ పోలిక ఎప్పుడో అరిగిపోయింది. పైగా మొగ్గ ఎవరినీ నొప్పించకుండానే పువ్వవుతుంది. మనుషులకు అంత సుళువుగా కుదరదు.

అమెరికన్ నల్లజాతి రచయిత్రి యూజీనియా కాలియర్ 1969లో ప్రచురించిన ‘మేరీగోల్డ్స్’ కథ చూడండి. మహామాంద్యం రోజులు, మేరీలాండ్‌లో దుమ్ముకొట్టుకుపోయిన పేదల వాడ. కూలడానికి సిద్ధంగా ఉన్న ఇంటి ముందు మిస్ లాటీ అనే ముసలావిడ బంతిమొక్కలు పెంచుకుంటుంది. వాడంతటికీ రంగున్నది అక్కడే. అదే పిల్లలకు కంటగింపు, రాళ్లు విసురుతారు. పద్నాలుగేళ్ల లిజబెత్ ఒక రాత్రి, పని దొరకని తండ్రి వెక్కి వెక్కి ఏడవడం వింటుంది. ఇల్లు మోసే మనిషే ఏడుస్తుంటే ఆ పిల్ల ఎవరిని పట్టుకోవాలి? తెల్లవారకముందే పరుగెత్తివెళ్లి ఆ మొక్కలన్నీ పీకి పారేస్తుంది. తలెత్తితే ఎదురుగా ముసలావిడ. ఆమె మొహంలో కోపం కూడా లేదు.

ఇందులో పువ్వు పిల్లదానికి ప్రతీక కాదు. అది ఇంకొకరి సొత్తు, ఇంకొకరి పట్టుదల. పాడుచేశాకే దాని విలువ లిజబెత్‌కు తెలిసింది. పెద్దయ్యాక తానూ బంతి నాటానని చెప్పే ముగింపులో మాత్రం తీపి కాస్త ఎక్కువైంది.

మరో రచయిత్రి సారా ఆర్న్ జ్యూయెట్ 1886 నాటి కథ ‘ఎ వైట్ హెరన్’లో తొమ్మిదేళ్ల సిల్వియా పెద్ద పైన్ చెట్టెక్కి తెల్లకొంగ గూడు కనిపెడుతుంది. జాడ చెబితే పది డాలర్లిస్తానన్న వేటగాడికి మాత్రం చెప్పదు. ఇక్కడ నష్టం కొంగకు కాదు, ఆ పిల్లకే.

దక్షిణ రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, పొలాల మధ్య పెరిగిన డోరిస్ లెస్సింగ్ ఇంకా కటువు. ‘ఎ సన్‌రైజ్ ఆన్ ద వెల్ట్’లో పదిహేనేళ్ల కుర్రాడు తెల్లవారుజామున గడ్డిమైదానంలో, లోకమంతా తన గుప్పెట్లో ఉన్నట్టు కేకలేస్తూ పరుగెడతాడు. అంతలో, ప్రాణం ఉండగానే చీమలు తినేస్తున్న జింక కనబడుతుంది. దాని కాలు విరిగి ఉందని తర్వాత గమనిస్తాడు. తాను గురిపెట్టి కాల్చి, తగిలిందో లేదో చూడకుండా వదిలేసిన జింకలు గుర్తొస్తాయి.

ముగ్గురిలో నిజాయితీ ఎక్కువ లెస్సింగ్‌కే. ఆవిడ కుర్రాడు అక్కడికక్కడే మారిపోడు. టిఫిన్‌ వేళకు ఇంటిదారి పడతాడు, ఆ సంగతి రేపు పొద్దున ఆలోచిద్దామనుకుంటాడు.