తోబుట్టువు వీసా: నిరీక్షణలో న్యాయమెంత?

అమెరికా పౌరుల తోబుట్టువులకు ఇచ్చే వలస వీసా తరగతిని ఎఫ్-4 అంటారు. 21 ఏళ్లు నిండిన పౌరులెవరైనా అన్నకో చెల్లెలికో ఐ-130 పిటిషన్ వేయవచ్చు. అది చేరిన రోజే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో స్థానాన్ని తేల్చే తేదీ. 1990 నాటి చట్టం ఈ తరగతికి ఏటా 65,000 వీసాలు కేటాయించింది. కుటుంబ, ఉద్యోగ కోటాల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన కూడా ఉంది. ఫలితంగా 2025లో భారతీయులకు 2006 నాటి పిటిషన్లు, మెక్సికో వారికి 2001 నాటివి కదిలాయి. పౌరుల జీవిత భాగస్వాములకు, తల్లిదండ్రులకు, 21 ఏళ్లలోపు అవివాహిత పిల్లలకు మాత్రం ఈ పరిమితి లేదు.

హక్కు ఉందని ఒప్పుకుని, అది చేతికందేసరికి సగం జీవితం గడిచిపోతే దాన్ని న్యాయమనవచ్చా?

ఎవరిని చేర్చుకోవాలో తేల్చుకునే అధికారం ఏ సమాజానికైనా ప్రాణప్రదమని తత్వవేత్త మైకేల్ వాల్జర్ 1983లో వాదించాడు. మరో తత్వవేత్త జోసెఫ్ కారెన్స్ ఇంకో కోణం చూపాడు: కుటుంబాన్ని కలపడమంటే బయటివారి కోరిక తీర్చడం కాదు, సొంత పౌరుడి పట్ల రాజ్యం బాధ్యత. అయితే ఆయన దృష్టి ప్రధానంగా భార్యాభర్తలు, చిన్న పిల్లల మీదే. తోబుట్టువుల సంగతి అక్కడా గట్టిగా తేలలేదు.

క్యూలో సిఫార్సు చెల్లదు. అది దాని గొప్ప. కానీ ముందు వచ్చినవారికి ముందు అన్న సూత్రం, నిలబడ్డవారి జీవితం ఆగి ఉంటేనే పూర్తి న్యాయం. భరతుడి నిరీక్షణకు పద్నాలుగేళ్ల గడువుంది. ఇక్కడ గడువే తెలియదు, పిల్లలేమో పెరిగిపోతారు. 2006లో పిటిషన్ వేసినప్పుడు ఎనిమిదేళ్లున్న తోబుట్టువు కొడుక్కి 2025లో 27 ఏళ్లు. 2002 నాటి చట్టం పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్నే వయసులోంచి తీసేస్తుంది, ఆ తర్వాత వీసా కోసం ఆగిన ఏళ్లను తీయదు. ఆమోదానికి నాలుగేళ్లు పట్టిందనుకున్నా లెక్కలో అతనికి 23, అంటే 21 ఏళ్ల హద్దు దాటేశాడు. తల్లిదండ్రులకు వీసా వస్తుంది, అతనికి రాదు. ఇలాంటి పిల్లలకు పాత ప్రయారిటీ డేట్ దక్కదన్న ప్రభుత్వ వాదననే 2014లో అమెరికా సుప్రీంకోర్టు నిలబెట్టింది. పిటిషన్ వేసినవారు మధ్యలో చనిపోతే అది సాధారణంగా రద్దవుతుంది. మానవతా కారణాలు చూపి పునరుద్ధరణ కోరాలి.

ఈ తరగతినే ఎత్తేయాలన్న బిల్లు 2013లో సెనేట్‌లో నెగ్గినా చట్టం కాలేదు. ఎత్తేస్తే ఆశతో పాటు బంధమూ లెక్కలోంచి పోతుంది. సంఖ్యకు హద్దు పెట్టే అధికారం రాజ్యానికి ఉంది. ఒక కుటుంబాన్ని పిలిచి, తన ఆలస్యాన్నే కారణంగా చూపి అందులో బిడ్డను వదిలిపెట్టే హక్కు మాత్రం లేదు. పిటిషన్ వేసిన రోజున ఉన్న వయసునే పిల్లల వయసుగా లెక్కించాలి.